సైనికుని నీటిబుడ్డి

'క్యాంటీన్' అనగానే నేటి కళాశాల విద్యార్థికి ఆవరణలో ఒక మూలనున్న ఫలహారశాల, అక్కడి తేనీరు, సమోసాలు గుర్తుకు రావడం సహజం. కాని ఈ మాట చాలా దూరం నడిచి వచ్చింది. ఇటాలియన్ భాషలో 'కాంటీనా' అంటే నేలమాళిగ; ద్రాక్షసారాయి పీపాలను చల్లగా దాచుకొనే గది. అక్కడినుండి ఫ్రెంచి భాషలోకి, ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోకి వెళ్ళిన ఈ మాట సైనిక శిబిరంలో పానీయాలు అమ్మే అంగడికి పేరయింది. సీసాలను అరలలో అమర్చిన పెట్టెకు పేరయింది. సైనికుడు భుజానికి తగిలించుకొనే నీటిబుడ్డికీ పేరయింది. మన పెద్దలు ప్రయాణాలలో వాడిన మరచెంబు, పశువుల కాపరి వెంట ఉండే సొరకాయ బుర్ర, తోలుతిత్తి చేసే పనినే ఆ నీటిబుడ్డి కూడా చేసేది. ఒకే మాటకు ఇన్ని అర్థాలుండటం పాత పత్రాలను చదివేవారిని ఎలా తప్పుదారి పట్టిస్తుందో ముందు ముందు తెలుస్తుంది.

1775 ఏప్రిల్ 18 రాత్రి సుమారు 700 మంది బ్రిటిష్ సైనికులు బోస్టన్ నుండి బయలుదేరారు. కాంకర్డ్ గ్రామంలో వలసవాసులు దాచిన ఆయుధ సామగ్రిని స్వాధీనం చేసుకోవడం వారి ఉద్దేశం. మరునాటి ఉదయం సూర్యోదయ వేళకు దారిలో ఉన్న లెక్సింగ్టన్ పచ్చికబయలులో కెప్టెన్ జాన్ పార్కర్ నాయకత్వాన నిలిచిన పౌరసైనికులపై కాల్పులు జరిగాయి. ఎనిమిదిమంది మరణించారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆ విధంగా మొదలైంది. బ్రిటిష్ దళం కాంకర్డ్ చేరి, తిరుగుముఖం పట్టి, దారి పొడవునా గోడల చాటునుండి, చెట్ల చాటునుండి వచ్చే గుండ్లను తప్పించుకుంటూ సాయంకాలం దాకా నడిచింది. రాత్రంతా నిద్ర లేదు. దప్పిక సంగతి చెప్పనక్కరలేదు. ఆ మధ్యాహ్నం లెక్సింగ్టన్‌లోని ఫిస్క్ అనే కుటుంబం వారి ఇంటి బావి దగ్గర ఒక ఘటన జరిగిందని స్థానిక చరిత్రలు చెబుతాయి. ఆక్టన్ గ్రామస్థుడు జేమ్స్ హేవర్డ్ నీళ్ళ కోసం బావి దగ్గరకు వచ్చాడు. నీళ్ళ కోసమే వచ్చిన బ్రిటిష్ సైనికుడొకడు ఎదురుపడ్డాడు. ఇద్దరూ ఒకేసారి తుపాకులు పేల్చారు. సైనికుడు అక్కడే కూలిపోయాడు. హేవర్డ్ కూడా ఆ గాయంతోనే మరణించాడు. బ్రిటిష్ సైనికుని గుండు తూట్లు పొడిచిన హేవర్డ్ మందుకొమ్మును ఆక్టన్ గ్రంథాలయంలో నేటికీ భద్రపరిచి ఉంచారు.

కొమ్ము మిగలడానికి కారణం దానికి ఒక కథ ఉండటమే. కథ లేని వస్తువులను ఎవరూ దాచరు. నీటిబుడ్డి అటువంటిది. యుద్ధం ముగిసిన తరువాత అది పొలానికి వెళ్ళింది, కోతల కాలంలో కూలీల దాహం తీర్చింది, పగిలిన రోజున పొయ్యిలోకి చేరింది. ఒక సైనికుని బ్రతుకులో నిత్యం తోడున్న వస్తువు చరిత్రలో మాత్రం దాదాపు కనిపించకుండా పోయింది. దానిని తిరిగి తయారు చేయాలనుకునేవారికి ఎదురయ్యే కష్టమంతా ఇక్కడే ఉంది.

తయారు చేయవలసిన అవసరం ఎవరికి? అమెరికాలో 'చారిత్రక పునరభినయం' అనే వ్యాసంగం ఒకటి బాగా వ్యాప్తిలో ఉంది. గత యుద్ధాలనూ శిబిర జీవితాన్నీ నాటి దుస్తులతో, నాటి పనిముట్లతో ప్రజల ముందు ప్రదర్శించడం దీని లక్షణం. నాటకానికీ దీనికీ భేదం ఉంది. నాటకంలో అట్టకత్తి చాలు, ఇక్కడ చాలదు. 1962లో ఏర్పడిన 'బ్రిగేడ్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్' వంటి సంఘాలు ఈ విషయంలో పట్టుదల చూపాయి. 1976లో జరిగిన ద్విశత వార్షికోత్సవాలతో ఈ వ్యాసంగానికి ఎంతో ఊపు వచ్చింది. లెక్సింగ్టన్‌లో ప్రతి ఏప్రిల్ మాసంలో తెల్లవారుజామున నాటి ఘట్టాన్ని అదే పచ్చికబయలులో అభినయిస్తారు. 2025లో 250 సంవత్సరాలు నిండిన సందర్భంలోనూ అభినయించారు. చీకటి విడవకముందే పిల్లలను భుజాలపై ఎత్తుకొని వచ్చే తల్లిదండ్రులను అక్కడ చూడవచ్చు. ఆ పిల్లలకు కంటికి కనిపించినదే చరిత్ర. పుస్తకంలోని తప్పును మరొక పుస్తకం దిద్దవచ్చు. చిన్ననాడు కళ్ళారా చూసిన తప్పును దిద్దడం కష్టం.

1775 నాటి మసాచుసెట్స్ పౌరసైనికుని పాత్ర ధరించదలచిన ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. అతడు కోటు కుట్టించుకున్నాడు, తుపాకి సంపాదించాడు. నీటిబుడ్డి చిన్న వస్తువే కదా అని అంగట్లో దొరికిన దానిని కొన్నాడు. అది రెండు రేకు చిప్పలను అంచులు కలిపి టంకంతో అతికి, పైన ఉన్నిగుడ్డ తొడిగిన గుండ్రని బుడ్డి. చూడటానికి పాతదే, నిజానికి పాతది కూడా. అయితే అది 1858 నమూనా. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర సైన్యం లక్షలకొద్దీ వాడినది. లెక్సింగ్టన్ నాటి మనిషి భుజాన అది వ్రేలాడితే ఎనభై మూడేళ్ళ తరువాత పుట్టబోయే వస్తువును అతడు మోస్తున్నాడన్నమాట. ఈ 1858 నమూనా గురించి పరిశోధించడం కొంత సులభం. ప్రభుత్వ గిడ్డంగులు, గుత్తేదారుల ఒప్పందాలు, వేలాదిగా మిగిలిన అసలు వస్తువులు ఉన్నాయి. బిరడాను న్యూయార్క్ గిడ్డంగివారు గొలుసుతోనూ ఫిలడెల్ఫియావారు దారంతోనూ కట్టేవారనీ, 1862 నుండి రేకుపై వలయాలు అచ్చొత్తిన రకం వచ్చిందనీ చెప్పగలిగినంత వివరం లభిస్తుంది. 1775కు ఆ సౌకర్యం లేదు.

తప్పు తెలిసిన యువకుడు రెండవసారి చెక్క బుడ్డిని కొన్నాడు. దానిపై కాల్చిన ఇనుముతో 'యు. స్టేట్స్' అని ముద్ర వేసి ఉంది. ఇటువంటి ముద్రలు నిజంగానే ఉండేవి. ప్రభుత్వ ఆయుధాలపై దేశం పేరు ముద్రించాలని కాంగ్రెస్ 1777 ఫిబ్రవరిలో తీర్మానించింది. కాని 1775 ఏప్రిల్‌లో 'యునైటెడ్ స్టేట్స్' అనే దేశమే లేదు. ఆ పేరు 1776లో గాని స్థిరపడలేదు. లెక్సింగ్టన్‌లో నిలిచినవారు తమను బ్రిటిష్ రాజు ప్రజలుగానే భావించుకొని, తమ హక్కులు తమకు దక్కాలని నిలబడ్డవారు. వారి భుజాన ఆ ముద్రను వ్రేలాడదీయడం కేవలం తేదీల పొరపాటు కాదు. వారు ఇంకా నిర్ణయించుకోని విషయాన్ని వారిచేత ముందుగానే పలికించడం. రెండు మాటల ముద్రలో ఇంత అబద్ధం ఇమడగలదని అతడు ఊహించి ఉండడు.

అప్పుడు అతడు పత్రాలను ఆశ్రయించాడు. 1776 జనవరి నాటి మసాచుసెట్స్ పౌరసైన్య చట్టం ప్రతి మనిషి తనవెంట ఉంచుకోవలసిన వస్తువులను వరుసగా పేర్కొన్నది. తుపాకి, బాకు, చెకుముకి రాళ్ళు, గుండ్లు, వీపుసంచి, కంబళి, చివరగా ఒక క్వార్టు పట్టే 'క్యాంటీన్ లేదా చెక్క సీసా'. క్వార్టు అంటే మన లీటరుకు కాస్త తక్కువ. చెక్కదై ఉండటం, కొలత, సొంతంగా సమకూర్చుకోవలసిన బాధ్యత అనే మూడు విషయాలు ఆ ఒక్క పంక్తిలో దొరికాయి. సొంత బాధ్యత అన్నప్పుడు వందమంది బుడ్డీలు వందరకాలుగా ఉంటాయి. దళమంతా ఒకే అచ్చులో పోసినట్టి బుడ్డీలతో నిలబడితే అదే పెద్ద పొరపాటు. అయితే ఈ చట్టం లెక్సింగ్టన్ ఘటనకు తొమ్మిది నెలల తరువాతిది. ఆ తొమ్మిది నెలల ఎడాన్ని పరిశోధకుడు మరచిపోరాదు.

పత్రాల మాటలే కాదు, మౌనం కూడా మోసగించగలదు. 1792లో అమెరికా కాంగ్రెస్ చేసిన పౌరసైన్య చట్టంలో తుపాకి, బాకు, రెండు అదనపు చెకుముకి రాళ్ళు, వీపుసంచి, ఇరవై నాలుగు తూటాలు పట్టే పెట్టె ఉన్నాయి. నీటిబుడ్డి ఊసే లేదు. 1792 నాటి పౌరసైనికులు నీళ్ళు మోయలేదని దీనినిబట్టి తేల్చగలమా? చట్టం తనిఖీనాడు చూపించవలసిన వాటిని చెబుతుంది; దారిలో వెంట ఉన్నవాటన్నిటినీ చెప్పదు. ఇక మాటల చిక్కు సరే సరి. ఒక సేనాధికారి ఆస్తి పట్టికలో 'క్యాంటీన్' అని కనిపిస్తే అది భుజాన వ్రేలాడే బుడ్డి కాకపోవచ్చు. సీసాలు, గిన్నెలు అమర్చిన పెట్టె కావచ్చు. సాధారణ సైనికుని బుడ్డి మరొక పత్రంలో 'రండ్లెట్' అనే పేరుతో కనిపించవచ్చు. ఆ మాటకు చిన్న పీపా అని అర్థం. నిఘంటువును నమ్ముకొని పత్రం చదివితే సగమే అర్థమవుతుంది. ఎవరి పట్టిక, ఎందుకు వ్రాసినది, పక్కన ఏ వస్తువులున్నాయి అనేవి కలిపి చూడాలి.

ప్రదర్శనశాలలలో మిగిలిన బుడ్డీలు తరువాతి సాక్షులు. చెక్క బుడ్డీలలో ప్రధానంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. పీపాలు చేసే వడ్రంగి చేసినది ఒకటి. అనేక చిన్న పలకలను పక్కపక్కన గుండ్రంగా నిలిపి, రెండువైపులా బిళ్ళలు అమర్చి, చుట్టూ చీల్చిన లేతకొమ్మ పట్టీలతోనో ఇనుప పట్టీలతోనో బిగిస్తారు. రెండవది చీజ్ నిలవచేసే గుండ్రని చెక్కపెట్టెల పద్ధతి. పలుచని ఒకే బద్దను ఆవిరి పట్టి వంచి, కొనలను ఒకదానిపై ఒకటి చేర్చి మేకులు కొట్టి, ఇరువైపులా పలకలు మూస్తారు. మూతి చిన్న రంధ్రం, దానికొక బిరడా. పక్కన తోలుతోనో రేకుతోనో చేసిన కొంకులు, వాటిలోనుండి వారు. ఆ ప్రాంతంలో దొరికే దేవదారు, పైన్, మేపుల్, ఓక్ వంటి కలపలలో ఏది చేతికందితే అది వాడారు.

రేకు బుడ్డీలు లేకపోలేదు. బ్రిటిష్ సైనికులకు తగరపు పూత పూసిన ఇనుపరేకుతో, నడుముకు ఒదిగేలా అర్ధచంద్రాకారంలో చేసిన బుడ్డీలు ఉండేవి. అమెరికన్లు కూడా కొన్ని వాడారు. కాని ఆ రేకు ప్రధానంగా బ్రిటన్ నుండి రావలసిన సరుకు. ఎవరితో యుద్ధం చేస్తున్నారో వారి కర్మాగారాలనుండే రావాలి! అడవులకు మాత్రం అక్కడ కొదువ లేదు, పీపాలు చేసేవాడు లేని రేవుపట్టణమూ లేదు. అమెరికన్ సైనికుడు చెక్క బుడ్డిని మోయడానికి ఇష్టాయిష్టాల కంటే ఈ వాణిజ్య పరిస్థితి ముఖ్య కారణం.

మిగిలిన బుడ్డీలను చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అందంగా చెక్కిన పేరు, తేదీ, రంగులతో వేసిన డేగ బొమ్మ ఉన్నవాటిని మనుమలు దాచుకున్నారు. ఏ గుర్తూ లేనివి నశించాయి. కాబట్టి ప్రదర్శనశాల అద్దాల వెనుక ఉన్నవి నాటి సామాన్య బుడ్డీలకు ప్రతినిధులు కావు. పైగా వాటిలో అనేకం యుద్ధానంతర కాలపు పౌరసైన్యాలకు చెందినవి. 'స్వాతంత్ర్య యుద్ధ కాలంది' అన్న చీటీ తగిలిస్తే వస్తువు ధర పెరుగుతుంది; తరువాత ఎవరో చెక్కిన '1776' అంకెలకు కొరత లేదు. అంకెలు అబద్ధం చెప్పినా మేకు చెప్పదు. కమ్మరి సుత్తితో సాగగొట్టిన మేకు నాలుగువైపులా సన్నబడుతుంది. యంత్రంతో రేకునుండి కత్తిరించిన మేకు రెండువైపులనే సన్నబడుతుంది; అది 1790 ప్రాంతం నుండి వ్యాప్తిలోకి వచ్చింది. తీగతో చేసిన గుండ్రని మేకులు పంతొమ్మిదవ శతాబ్ది చివరివి. చెక్కపై రంపపు గీతలు కూడా అంతే. పైకీ క్రిందికీ ఆడే పాత రంపం నిట్టనిలువు గీతలు మిగిలిస్తుంది. పంతొమ్మిదవ శతాబ్దిలో వాడుకలోకి వచ్చిన చక్రపు రంపం వంపు గీతలు మిగిలిస్తుంది. వంపు గీతలున్న పలకపై 1776 అని చెక్కి ఉంటే ఏది నమ్మాలో వేరే చెప్పనవసరం లేదు. అయినా తీర్పులో తొందర కూడదు. పాత బుడ్డికి మరమ్మతులో కొత్త మేకు పడి ఉండవచ్చు.

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితునికి ఈ శ్రమ కొత్తగా తోచదు. ఒక లేఖకుని పొరపాటును మరొకడు నకలు చేస్తే, ఆ పొరపాటే పది ప్రతులలో కనిపించి అసలు పాఠమని భ్రమ కలిగిస్తుంది. నమూనా వస్తువుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. జార్జి న్యూమన్, ఫ్రాంక్ క్రావిక్ 1975లో ప్రచురించిన సచిత్ర విజ్ఞాన సర్వస్వం ఈ వ్యాసంగంలో ఉన్నవారికి ఎంతో ఉపకరించింది. అయితే పుస్తకంలోని ఒక చిత్రాన్ని చూసి ఒకడు బుడ్డి చేస్తాడు. దానిని చూసి మరొకడు. మూడవవాడు దానిని ఎక్కడో దూరదేశపు కర్మశాలకు మాదిరిగా పంపుతాడు. అమెరికాలో అమ్ముడుపోయే నమూనా తుపాకులలోనూ ఇతర సామగ్రిలోనూ భారతదేశంలో తయారైనవి చాలా ఉన్నాయి. ఇక్కడి పనివాని నేర్పులో లోపం లేదు. మాదిరి ఎలా ఉంటే వస్తువు అలా వస్తుంది. మాదిరిలోని తప్పు వెయ్యి రెట్లవుతుంది. పది దళాలలో ఒకే బుడ్డి కనిపించడం ఆ బుడ్డి నిజమైనదనడానికి రుజువు కాదు. అవన్నీ ఒకే అంగటివని మాత్రమే రుజువు.

చిత్రాలు తోడ్పడతాయా? లెక్సింగ్టన్, కాంకర్డ్ ఘటనలపై ఆమోస్ డూలిటిల్ 1775లోనే నాలుగు చిత్రాలు చెక్కి ముద్రించాడు. దళాల అమరిక, ఇళ్ళు, రోడ్లు వాటిలో చక్కగా ఉన్నాయి. మనుషుల బొమ్మలు మాత్రం మరీ చిన్నవి. బుడ్డి వంటి చిన్న వస్తువుకు అవి సాక్ష్యం కాలేవు. తరువాతి కాలపు చిత్రాలు మరింత ప్రమాదకరమైనవి. 1778 జూన్ 28న న్యూజెర్సీలోని మోన్మత్ వద్ద జరిగిన యుద్ధమే ఇందుకు నిదర్శనం. ఆనాటి ఎండ ఎంత తీవ్రమైనదంటే, ఉభయ పక్షాల సైనికులు అనేకులు గుండు తగలకుండానే వడదెబ్బకు కూలిపోయారు. కూజాతో నీళ్ళు మోసి ఫిరంగిదళం దాహం తీర్చి, భర్త నేలకొరగగానే తానే ఫిరంగి నడిపిన 'మోలీ పిచర్' కథ ఆ యుద్ధంతోనే ముడిపడి ఉంది. పిచర్ అంటే కూజా. ఆమెను మేరీ లుడ్విగ్ హేస్ అనే స్త్రీగా చాలామంది గుర్తిస్తారు. యుద్ధకాలంలో ఆమె చేసిన సేవలకు పెన్సిల్వేనియా శాసనసభ 1822లో ఏటా 40 డాలర్ల భృతి మంజూరు చేసింది. ఆ యుద్ధంలో పాల్గొన్న జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అనే సైనికుడు 1830లో ప్రచురించిన జ్ఞాపకాలలో, భర్తతో కలిసి ఫిరంగి వద్ద పనిచేస్తున్న ఒక స్త్రీని చూసినట్లు వ్రాశాడు. శత్రువు గుండు ఆమె కాళ్ళ మధ్యగా దూసుకుపోయి లోపావడాను చింపివేసిందట, ఆమె చలించలేదట. ఆ దృశ్యంలో ఫిరంగి ఉంది, స్త్రీ ఉంది, ధైర్యం ఉంది. కూజా మాత్రం లేదు. కూజాను చేతికిచ్చినవారు పంతొమ్మిదవ శతాబ్దపు కథకులు, చిత్రకారులు. నీళ్ళు అవసరం లేదని కాదు. ఫిరంగి గొట్టంలోని నిప్పురవ్వలు ఆర్పడానికి తడిగుడ్డ పెట్టవలసిందే, పక్కన నీళ్ళ బకెట్టు ఉండవలసిందే. ఆ బకెట్టుకు చిత్రాలలో కీర్తి దక్కలేదు.

యువకుడు చివరకు పీపాలు చేసే ఒక పనివానిచేత పలకల బుడ్డి చేయించుకున్నాడు. అప్పుడు పుస్తకాలు నేర్పని పాఠాలు మొదలయ్యాయి. ఎండిన చెక్క బుడ్డిలో నీళ్ళు పోస్తే నిమిషంలో సగం కారిపోతాయి. ముందురోజు తొట్టిలో నానవేస్తే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. లోపల కీలు పూయడం పీపాల పనిలో పాత అలవాటే. తేనెమైనం పూసేవారూ ఉన్నారు. మైనం పూసినదానిని ఎండలో వదిలితే లోపల ఏమవుతుందో ఊహించవచ్చు. రేకు బుడ్డి కోరుకొనేవారికి మరొక చిక్కు ఉంది. నాటి టంకంలో సీసం ఉండేది, సీసం విషం. ఇక్కడ నాటి వస్తువును ఉన్నదున్నట్లు అనుకరించకపోవడమే వివేకం. సీసం లేని టంకంతోనో తుప్పు పట్టని ఉక్కుతోనో చేయించి, ఆ సంగతి అడిగినవారికి చెప్పడంలో తప్పు లేదు. ఉన్నికోటు తొడిగి జూన్ ఎండలో కవాతు చేసేవారికి వడదెబ్బ అభినయం కాదు. క్వార్టు నీళ్ళు ఎంతసేపటికి అయిపోతాయో అప్పుడు తెలుస్తుంది. 1775లో ప్రతి ఇంటి బావి ఎందుకంత విలువైనదో కూడా తెలుస్తుంది.

ఏప్రిల్ ఉదయం, ఇంకా మంచు వీడని పచ్చికబయలు అంచున ఒక పిల్లవాడు ఆ బుడ్డిని తాకి, ఇది అప్పటిదేనా అని అడిగాడనుకుందాం. కాదు, పోయిన చలికాలంలో చేయించినదని అతడు చెప్పాలి. కొలతకు తొమ్మిది నెలల తరువాతి చట్టం ఆధారమనీ, ఆకారానికి మిగిలిన బుడ్డీలు ఆధారమనీ, ముద్ర లేకపోవడానికి అప్పటికి దేశం లేకపోవడమే కారణమనీ చెప్పాలి. తోలువారు ఇంత వెడల్పుగా ఉండటం మాత్రం తన ఊహ అని కూడా చెప్పాలి. రాత్రంతా నానిన బుడ్డి క్రిందనుండి ఒక చుక్క జారి అతని బూటుపై పడుతుంది.